మహల్లా భద్రత – మన అమానత్

రెండేళ్ళ క్రితం మా అనుభవంలోకి వచ్చిన ఒక సంఘటనతో ఈ పాఠాన్ని ప్రారంభిస్తున్నాము. మేము నమాజు చేయించే మస్జిద్ వెనుక ఒక ఇరుకు సందు ఉంది. ఇషా నమాజు తర్వాత కొందరు కుర్రవాళ్ళు అక్కడ చేరేవారు. మొదట్లో సిగరెట్లు, ఆ తర్వాత గంజాయి. ఈ సంగతి మహల్లాలో అందరికీ తెలుసు. వారి తల్లిదండ్రులకు తెలుసు, మస్జిద్ కమిటీ వారికి తెలుసు, మాకూ తెలుసు. కాని ఎవరూ నోరు విప్పలేదు. "మన పిల్లలే కదా, పోలీసుల దాకా పోతే వారి జీవితం పాడవుతుంది" అని కొందరన్నారు. "చుగ్లీ చెప్పటం గునాహ్ కదా" అని మరికొందరన్నారు.

ఒక రాత్రి అదే సందులో ఒక వృద్ధుని చేతిసంచి లాక్కుని ఎవరో పారిపోయారు. అందులో ఆ నెల పెన్షను డబ్బులున్నాయి. కింద పడటంతో ఆయన తుంటి ఎముక విరిగింది. మేము పరామర్శకు వెళితే ఆయన మమ్మల్ని నిందించలేదు. ఒకే ఒక్క మాట అడిగారు: "మౌల్వీ సాబ్, ఆ సందు సంగతి మీకు కూడా తెలుసు కదా?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఎన్నో జుమా ప్రసంగాలు చేశాము. పొరుగువారి హక్కుల గురించి గంటలకొద్దీ మాట్లాడాము. మా గోడకు ఆనుకుని ఉన్న సందు గురించి మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. నేరాలను అరికట్టే విషయంలో మహల్లా వాసుల బాధ్యత ఏమిటి? పోలీసులతో కలసి పనిచేయటం ధర్మసమ్మతమేనా? అయితే దాని హద్దులేమిటి? ఈ మూడు ప్రశ్నలను ఈ నెల పాఠంగా తీసుకుందాం.

శాంతిభద్రతలు – దేవుని గొప్ప వరం

హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) మక్కా నగరం కోసం చేసిన ప్రార్థనను దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలో (2:126) ప్రస్తావించింది. ఆయన మొదట ఆ నగరాన్ని శాంతినిలయంగా చేయమని కోరారు. ఆ తర్వాతే దాని వాసులకు ఫలాలను ఉపాధిగా ఇవ్వమని అర్థించారు. ముందు భద్రత, తర్వాత అన్నం. ఇందులో ఎంతో వివేకం ఉంది. భయంతో ఉన్నవాని గొంతులో ముద్ద దిగదు. రాత్రిపూట ఆడపిల్ల ట్యూషన్ నుండి ఇంటికి రావటానికి జంకే వీధిలో ఎంత సంపద ఉంటే మాత్రం ఏం ప్రయోజనం? ఖురైష్ సూరాలో కూడా ఆకలి తీర్చటం, భయం నుండి రక్షించటం అనే రెండు అనుగ్రహాలను అల్లాహ్ పక్కపక్కనే గుర్తుచేశాడు.

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. ఒక రాత్రి మదీనాలో పెద్ద శబ్దం వినిపించి జనం భయపడ్డారు. కొందరు ఆ దిక్కుగా బయలుదేరారు. వారు వెళ్ళేసరికే దైవప్రవక్త (సఅసం) అటు నుండి తిరిగి వస్తూ ఎదురయ్యారు. అబూ తల్హా (రజి) గారి గుర్రంపై జీను కూడా వేయకుండా, మెడలో ఖడ్గం వేలాడదీసుకుని అందరికంటే ముందు తామే వెళ్ళి చూసి వచ్చారు. భయపడవలసిందేమీ లేదని ప్రజలకు ధైర్యం చెప్పారు. మహల్లా భద్రత గురించి పట్టించుకోవటం మన హోదాకు తగిన పని కాదని తలిచే పెద్దలు ఈ సంఘటన గురించి ఆలోచించాలి.

ఎవరితో కలసి పనిచేయవచ్చు?

"పోలీసు శాఖలో అన్ని మతాలవారు ఉంటారు, అది ప్రభుత్వ వ్యవస్థ, దానితో మనకేం పని?" అని కొందరు యువకులు అడుగుతుంటారు. మాయిదా సూరా రెండవ ఆయతు ఇందుకు సూత్రం ఇచ్చింది. మంచి పనిలో, దైవభీతిలో పరస్పరం సహకరించుకోవాలి. పాపంలో, దౌర్జన్యంలో సహకరించుకోకూడదు. ఇక్కడ చూడవలసింది పని ఎలాంటిదనే. పక్కన నిలబడినవాడు ఎవరన్నది కాదు.

దీనికి ఆచరణాత్మక ఉదాహరణ 'హిల్ఫుల్ ఫుజూల్' ఒప్పందం. ఇది ప్రవక్త పదవి లభించక పూర్వం మక్కాలో జరిగింది. యెమన్‌కు చెందిన జుబైద్ తెగ వర్తకుడొకడు మక్కాకు సరుకు తెచ్చాడు. ఆస్ బిన్ వాయిల్ అనే ప్రముఖుడు ఆ సరుకు తీసుకుని సొమ్ము ఎగవేశాడు. ఊరు కాని ఊరు, అండగా నిలిచే తెగ లేదు. ఆ వర్తకుడు అబూ ఖుబైస్ కొండ ఎక్కి తనకు జరిగిన అన్యాయాన్ని చాటాడు. అప్పుడు కొన్ని తెగల పెద్దలు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట్లో సమావేశమయ్యారు. మక్కాలో ఎవరికి అన్యాయం జరిగినా, బాధితుడు స్థానికుడైనా పరదేశి అయినా, అతని హక్కు అతనికి దక్కేదాకా అందరూ ఒక్కటిగా నిలబడాలని ప్రమాణం చేశారు. ఆ వర్తకుని సొమ్ము అతనికి ఇప్పించారు. యువకునిగా మహాప్రవక్త (సఅసం) అందులో పాల్గొన్నారు. ప్రవక్త అయిన తర్వాత కూడా ఆ ఒప్పందాన్ని ప్రశంసిస్తూ, అలాంటిదానికి ఇస్లాంలో తమను పిలిచినా వెళతామని చెప్పారు. ఆ ఒప్పందంలోనివారు ముస్లింలు కారన్న సంగతి మనం గుర్తుంచుకోవాలి.

ఓడకు పడిన కన్నం

హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఓడ ఉపమానం మనలో చాలామంది విన్నదే. ఒకే ఓడలో కొందరు పై అంతస్తులో, మరికొందరు కింది అంతస్తులో ఉన్నారు. నీళ్ళకోసం మాటిమాటికీ పైకి వెళ్ళి వారిని ఇబ్బంది పెట్టటమెందుకని, తమ భాగంలోనే కన్నం వేసుకుందామని కిందివారు అనుకున్నారు. పైవారు వారి చేయి పట్టుకుని ఆపితే అందరూ బ్రతుకుతారు. వారి మానాన వదిలేస్తే అందరూ మునుగుతారు.

ఈ ఉపమానంలో ఒక సూక్ష్మం ఉంది. కన్నం వేసేవారు శత్రువులు కారు, తోటి ప్రయాణికులు. వారికి చెడు ఉద్దేశం కూడా లేదు. మన సందులో కూర్చున్న కుర్రవాళ్ళూ అంతే. వారిని ఆపటమంటే వారిని ముంచటం కాదు. ఓడతోపాటు వారినీ రక్షించటం. సోదరుడు దౌర్జన్యపరుడైనా, పీడితుడైనా అతనికి తోడ్పడాలని మహాప్రవక్త (సఅసం) బోధించారు. పీడితునికి తోడ్పడటం సరే, దౌర్జన్యపరునికి తోడ్పడటం ఎలా అని సహచరులు అడిగితే, దౌర్జన్యం చేయకుండా అతన్ని ఆపటమే ఆ తోడ్పాటు అని వివరించారు.

చుగ్లీయా, గవాహీయా?

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరకు వద్దాం. ఒకరి నేరం గురించి పోలీసులకు చెప్పటం గీబత్ కాదా? చాడీ కాదా? తోటి ముస్లిం లోపాన్ని కప్పిపుచ్చేవాని లోపాలను ప్రళయదినాన అల్లాహ్ కప్పుతాడని హదీసు ఉంది కదా?

ఈ హదీసు సత్యం. అయితే దాని సందర్భాన్ని ధర్మవేత్తలు స్పష్టం చేశారు. ఒక వ్యక్తి ఏకాంతంలో తప్పు చేశాడు, దాని కీడు ఇతరులకు సోకలేదు, అతను సిగ్గుపడుతున్నాడు. అలాంటి లోపాన్ని కప్పాలి, ఒంటరిగా నచ్చజెప్పాలి. కాని ఒకడు ఇతరుల ధనానికి, ప్రాణానికి, మానానికి హాని చేస్తుంటే, దాన్ని వృత్తిగా చేసుకుంటే, అక్కడ కప్పిపుచ్చటం పుణ్యం కాదు. అది తర్వాత బాధితుడయ్యేవానికి మనం చేసే ద్రోహం.

ఇమాం నవవీ (రహ్మలై) 'రియాజుస్సాలిహీన్'లో పరోక్షంలో ఒకరి గురించి చెప్పటానికి అనుమతి ఉన్న ఆరు సందర్భాలను పేర్కొన్నారు. పీడితుడు న్యాయాధికారికి ఫిర్యాదు చేయటం, చెడును ఆపగలవారి సహాయం కోరటం, కీడు గురించి ప్రజలను హెచ్చరించటం వాటిలోనివే. పైగా గవాహీ (సాక్ష్యం) దాచిపెట్టేవాని హృదయం పాపంతో కూడుకున్నదని బఖరా సూరా (2:283) హెచ్చరించింది. నిసా సూరా (4:135) మరో మెట్టు పైకి వెళ్ళి, మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగానైనా న్యాయం కోసం సాక్ష్యం చెప్పమని ఆదేశించింది.

చాడీకీ సాక్ష్యానికీ తేడా ఉద్దేశంలో ఉంది. ఇద్దరి మధ్య తగవు పెట్టటానికి, కక్ష తీర్చుకోవటానికి చెప్పేది చాడీ. హాని ఆపటానికి, కళ్ళారా చూసినదాన్ని చూసినంతే, చెప్పవలసిన చోట మాత్రమే చెప్పేది సాక్ష్యం.

"లోపలే సర్దుకుందాం" అనే వ్యాధి

మన మహల్లాలలో పెద్దమనుషులు కూర్చుని తగవులు తీర్చే ఆచారం ఉంది. ఇది మంచిదే. అప్పు తగాదా, పిట్టగోడ తగాదా, మాటామాటా పెరిగిన గొడవ వంటివి మన మధ్యే పరిష్కరించుకోవచ్చు. ఒకసారి సఫ్వాన్ బిన్ ఉమయ్యా (రజి) మస్జిద్‌లో తల కింద దుప్పటి పెట్టుకుని నిద్రించగా ఒకడు దాన్ని దొంగిలించాడు. సఫ్వాన్ అతన్ని పట్టుకుని ప్రవక్త (సఅసం) సన్నిధికి తెచ్చారు. శిక్ష నిర్ణయమయ్యాక జాలిపడి క్షమిస్తానన్నారు. ఆ పని తమ దగ్గరకు తీసుకురాకముందే చేసి ఉండవచ్చు కదా అని ప్రవక్త (సఅసం) అన్నారు.

ఈ హదీసు నుండి రెండు సంగతులు తెలుస్తున్నాయి. ఒకటి, వ్యవహారం అధికారి దాకా వెళ్ళకముందు బాధితుడు తన హక్కును వదులుకోవచ్చు. రెండు, క్షమించే అధికారం దుప్పటి పోగొట్టుకున్నవానిదే, పక్కవానిది కాదు. మనం చేస్తున్న పొరపాటు ఇక్కడే ఉంది. ఒక బాలికపై అఘాయిత్యం జరిగితే పెద్దమనుషులు కూర్చుని, ఇజ్జత్ పోతుందని చెప్పి, ఆమె తండ్రి చేత ఒప్పందానికి తల ఊపిస్తారు. ఆ పసిపిల్ల హక్కును క్షమించటానికి వీరెవరు? మఖ్జూమ్ తెగ స్త్రీ దొంగతనం చేసినప్పుడు ఆమె పెద్దింటి మనిషని సిఫారసు చేయటానికి ఉసామా (రజి) వచ్చారు. మహాప్రవక్త (సఅసం) తీవ్రంగా ఆగ్రహించారు. గొప్పవారిని వదిలి బలహీనులను శిక్షించిన కారణంగానే పూర్వజాతులు నశించాయని హెచ్చరించారు.

ఈ విషయంలో దేశ చట్టం కూడా తెలిసి ఉండాలి. పిల్లలపై లైంగిక నేరాల నిరోధానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, అలాంటి నేరం జరిగినట్లు తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు తెలియజేయాలి. తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, జరిమానా పడవచ్చు. పంచాయితీ చేసిన పెద్దమనిషి తాను మహల్లా పరువు కాపాడానని అనుకుంటాడు. చట్టం దృష్టిలో అతను నేరం దాచినవాడు. అల్లాహ్ దృష్టిలో గవాహీ దాచినవాడు.

హద్దులు – గూఢచర్యం వద్దు, గుంపు న్యాయం వద్దు

నేరాన్ని అరికట్టే ఉత్సాహంలో మరో పాపంలో పడకూడదు. హుజురాత్ సూరా (49:12) అనుమానాలను మానుకోమని, కూపీలు లాగవద్దని ఆదేశించింది. హజ్రత్ ఉమర్ (రజి) గురించి ఒక ఉల్లేఖనం ప్రసిద్ధం. ఒక రాత్రి గస్తీలో ఒక ఇంటి నుండి వచ్చే సవ్వడి విని గోడ ఎక్కి లోపలికి దిగారు. ఆ ఇంటివాడు పాపం చేస్తూ పట్టుబడ్డాడు. అయితే అతను బదులిచ్చాడు: నేను ఒక తప్పు చేశాను, మీరు మూడు చేశారు. కూపీ లాగవద్దన్నారు, లాగారు. వాకిలి గుండా రమ్మన్నారు, గోడ దూకారు. అనుమతి, సలాం లేకుండా ప్రవేశించారు. ఖలీఫా అంతటివారు ఈ మాటను కాదనలేక వెనుదిరిగారు.

మన వీధులలో ఇప్పుడు సీసీ కెమెరాలు వచ్చాయి. హైదరాబాద్‌లో పోలీసుల 'నేను సైతం' కార్యక్రమం కింద కాలనీవాసులే చందాలు వేసుకుని కెమెరాలు పెట్టించుకున్నారు. ఇది ఉపయోగకరమైన పనే. కాని కెమెరా చూపు వీధి మీద ఉండాలి, పొరుగింటి వాకిలి మీదా, మేడ మీదా కాదు. ఇతరుల ఇళ్ళలోకి తొంగిచూడటాన్ని మహాప్రవక్త (సఅసం) ఎంత గట్టిగా నిషేధించారో మనకు తెలుసు. కంటితో చూసినా, కెమెరాతో చూసినా ఆజ్ఞ ఒకటే.

రెండవ హద్దు, శిక్షించటం మన పని కాదు. చెడును చేతితో ఆపాలని, వీలుకాకుంటే నాలుకతో, అదీ వీలుకాకుంటే మనసులో అసహ్యించుకోవాలని హదీసులో ఉంది. చేతితో శిక్షించే పని అధికారం ఉన్నవారిదని ధర్మవేత్తలు వివరించారు. 2018 మే నెలలో, పవిత్ర రమజాన్ రోజుల్లో, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. పిల్లలను ఎత్తుకెళ్ళేవారు తిరుగుతున్నారనే పుకారు వాట్సాప్‌లో వ్యాపించింది. ఒక గుంపు ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని కొట్టి చంపింది. ఆ సందేశాన్ని ముందుకు పంపిన వేళ్ళు ఎన్నో! భద్రతకో, భయానికో సంబంధించిన వార్త రాగానే చాటింపు వేయకుండా బాధ్యులైన అధికారుల దృష్టికి తీసుకువెళ్ళాలని నిసా సూరా (4:83) చెబుతోంది. వార్త నిజమో కాదో విచారించుకోవాలని హుజురాత్ సూరా (49:6) చెబుతోంది. ఈ రెండు ఆయతులు తెలిసిన ఫోను నుండి పుకారు బయటకు పోకూడదు.

భివండీ నేర్పిన పాఠం

మహల్లా, పోలీసు సహకారం గురించి మాట్లాడేటప్పుడు భివండీ పట్టణాన్ని మరువలేము. మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో ఉన్న ఈ మరమగ్గాల పట్టణంలో ముస్లింల జనాభా ఎక్కువ. తెలంగాణ నుండి వలసవెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు కూడా అక్కడ పెద్దసంఖ్యలో ఉన్నాయి. మన పాఠకులలో కొందరికి అక్కడ బంధువులో, మిత్రులో ఉండే ఉంటారు.

ఈ పట్టణంలో 1970 మేలో ఘోరమైన మతకల్లోలం జరిగింది. జస్టిస్ మదన్ కమిషన్ దానిపై విచారణ జరిపింది. 1984 మేలో మళ్ళీ చెలరేగిన హింస ముంబాయి, ఠాణేలకు పాకింది. రెండు వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. భివండీ అంటేనే జనం భయపడే పరిస్థితి వచ్చింది.

1988లో సురేష్ ఖోపడే అక్కడికి డిప్యూటీ పోలీసు కమిషనర్‌గా వచ్చారు. లాఠీలతో శాంతి రాదని ఆయన గ్రహించారు. పట్టణమంతటా సుమారు 70 మొహల్లా కమిటీలు ఏర్పాటు చేశారు. ప్రతి కమిటీలో హిందువులు, ముస్లింలు కలసి కూర్చునేవారు. పెద్ద పెద్ద నాయకులకన్నా సాధారణ జనానికే ప్రాధాన్యం ఇచ్చారు. కమిటీ సమావేశాలకు ఆ ప్రాంతపు పోలీసు సిబ్బంది వచ్చేవారు. ఊరేగింపు దారి, కొళాయి దగ్గర గొడవ, అమ్మాయిలను వేధించే ఆకతాయిలు, ఎక్కడినుంచో పుట్టిన పుకారు ఇలా చిన్నవిగా కనిపించే విషయాలను పెద్దవి కాకముందే మాట్లాడుకోవటం వాటి పని. పోలీసుకు మనుషుల పేర్లు తెలిశాయి, మనుషులకు పోలీసు ముఖం తెలిసింది.

పరీక్షా సమయం 1992 డిసెంబరులో వచ్చింది. బాబ్రీ మస్జిద్ కూల్చివేత తర్వాత ఆ డిసెంబరులోనూ, 1993 జనవరిలోనూ ముంబాయిలో సుమారు 900 మంది మరణించారు. పక్కనే ఉన్న భివండీ మాత్రం ప్రశాంతంగా నిలిచింది. పూర్వం రెండుసార్లు తగలబడిన పట్టణం మూడవసారి తగలబడలేదు. రాజనీతి శాస్త్రవేత్త ఆశుతోష్ వర్ష్నే 2002లో వెలువరించిన తన గ్రంథంలో ఈ అనుభవాన్ని ప్రస్తావించారు. ఆ తర్వాత ముంబాయిలో కూడా జూలియో రిబేరో, సతీష్ సాహ్నీ వంటి పోలీసు అధికారులు, సుశోభా బార్వే వంటి సామాజిక కార్యకర్తలు మొహల్లా కమిటీల ఉద్యమాన్ని నడిపారు.

కాని కథ అక్కడ ముగియలేదు. 2006 జూలై 5న అదే భివండీలో ఒక పోలీసు స్టేషన్ నిర్మాణంపై వివాదం రేగింది. ఆ స్థలం ఖబరస్తాన్‌దని ముస్లింలు అభ్యంతరం చెప్పారు. పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత గుంపు చేతిలో ఇద్దరు కానిస్టేబుళ్ళు హతమయ్యారు. నలుగురి ఇళ్ళలో ఏడుపు మిగిలింది. పట్టణాన్ని ఒకనాడు కాపాడిన మాట్లాడుకునే అలవాటు, ఆ రోజు ఆ స్థలం దగ్గర పనిచేయలేదు. కమిటీ అంటే రిజిస్టరులో రాసిన పేర్లు కాదు. అది బావి వంటిది. నీళ్ళు తోడుతుంటేనే ఊట ఊరుతుంది. వదిలేస్తే పూడిపోతుంది.

మన భయాలు – వాటి జవాబు

"పోలీసులంటే మనవారికి భయం, పోలీసులకు మనవారంటే అనుమానం. ఇక సహకారం ఎక్కడిది?" అనే ప్రశ్నను దాటవేయలేము. 2007 మే 18న మక్కా మస్జిద్‌లో పేలుడు జరిగిన తర్వాత పలువురు ముస్లిం యువకులను అదుపులోకి తీసుకున్నారు. వారిలో ఎందరో చివరకు నిర్దోషులుగా బయటకు వచ్చారు. పోయిన నెలలు, చదువులు, ఉద్యోగాలు తిరిగి రాలేదు. ఈ గాయాన్ని మరచిపొమ్మని మేము చెప్పటం లేదు.

అయితే గాయం ఉన్నదని దూరంగా జరిగితే ఏమవుతుంది? మంచివారు స్టేషనుకు వెళ్ళరు. అప్పుడు మన మహల్లా తరపున స్టేషనుతో మాట్లాడేది దళారులు, రౌడీలు మాత్రమే. పోలీసులకు మన గురించి తెలిసేది వారి నోటి ద్వారానే. అనుమానం ఇంకా పెరుగుతుంది. సహకారమంటే తలవంచటం కాదు. న్యాయంలో తోడు, అన్యాయంలో నిరాకరణ. మాయిదా సూరాలోని ఆ ఆయతులో ఈ రెండు భాగాలూ ఉన్నాయి. పోలీసు తప్పుచేసినా, మనవాడు తప్పుచేసినా తప్పు తప్పే.

అందుకే మన హక్కులు కూడా తెలిసి ఉండాలి. డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ప్రకారం అరెస్టు సమయంలో పత్రం రాయాలి, సాక్షి సంతకం ఉండాలి, బంధువుకో మిత్రునికో తెలియజేయాలి. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం 24 గంటల లోపు మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషనులో తీసుకోకపోతే వివరాలను రాతపూర్వకంగా జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు.

మహల్లాలో ఏం చేయాలి?

1. మస్జిద్ కమిటీకి తోడుగా ఏడెనిమిది మందితో ఒక భద్రతా కమిటీ ఏర్పాటు చేసుకోవాలి. అందులో ఇద్దరు స్త్రీలైనా ఉండాలి. వీధిలో ఎక్కడ భయం ఉందో మగవారికన్నా వారికే బాగా తెలుసు. పొరుగున ఉన్న హిందూ, క్రైస్తవ సోదరులను తప్పక చేర్చుకోవాలి. దొంగ మతం చూసి తలుపు తట్టడు.

2. నెలకొకసారి స్టేషను అధికారిని ఆహ్వానించి కూర్చోవాలి. గొడవ జరిగినప్పుడు కాదు, ఏ గొడవా లేనప్పుడే. ఏం మాట్లాడుకున్నారో రాసి పెట్టుకోవాలి. రహస్య సమాచారాలు, వ్యక్తిగత కక్షలు అక్కడికి రాకూడదు.

3. నేరానికి అనువైన చోట్లను సరిచేయాలి. వీధిదీపం వెలగని మూల, తలుపుల్లేని పాడుబడ్డ ఇల్లు, ముళ్ళకంపలు పెరిగిన ఖాళీస్థలం. మా సందులో మేము చేసిన మొదటి పని మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టి దీపం వేయించటమే.

4. మత్తుకు బానిసైన పిల్లవాడు, మత్తును అమ్మేవాడు ఒకటి కారు. అమ్మేవాని గురించి పోలీసులకు చెప్పాలి. బానిసైనవాన్ని వైద్యానికి తీసుకువెళ్ళాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్, కొద్ది పరిమాణంతో పట్టుబడిన బానిస స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకు వస్తే అతనికి ప్రాసిక్యూషన్ నుండి మినహాయింపుకు అవకాశం ఇచ్చింది. 14446 నంబరుకు ఫోను చేసి వ్యసన విముక్తి గురించి సలహా పొందవచ్చు. "పిల్లవాని జీవితం పాడవుతుంది" అనే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పాలి.

5. అత్యవసరానికి 112, పిల్లల సహాయానికి 1098, స్త్రీల సహాయానికి 181, ఫోనులో, బ్యాంకులో మోసం జరిగితే 1930. ఈ నంబర్లను నమాజు వేళల పట్టిక పక్కనే రాసి అతికించాలి. తెలంగాణలో ఆడపిల్లల వేధింపులను అరికట్టటానికి 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయి. వీటి గురించి మన ఆడపిల్లలకు తెలియజేయాలి.

6. జైలు నుండి వచ్చినవానికి సలాం చెప్పండి. పని చూపించండి. తౌబా చేసినవాని మొహంమీద తలుపు వేస్తే అతను తిరిగి ఆ సందులోకే వెళతాడు.

చివరిగా

మా మహల్లా సంగతి చెప్పి ముగిస్తాము. ఆ వృద్ధుడు ఇప్పుడు చేతికర్ర సాయంతో మస్జిద్‌కు వస్తున్నారు. సంచి లాక్కున్నవాడు దొరకనే లేదు. సందులో కూర్చునే కుర్రవాళ్ళ తల్లిదండ్రుల ఇళ్ళకు మేము ఒక్కొక్కరి దగ్గరకు వెళ్ళాము. కొందరు కోప్పడ్డారు, ఒక తండ్రి మా ముందే ఏడ్చాడు. ఇద్దరు కుర్రవాళ్ళు చికిత్సకు వెళ్ళారు. ఒకడు మాత్రం ఊరు వదిలి పోయాడు. అంతా బాగుపడిందని చెప్పుకునే స్థితిలో మేము లేము. కాని ఆ సందులో ఇప్పుడు దీపం వెలుగుతోంది. దాని కింద నుండి మా మహల్లా ఆడపిల్లలు నడిచి వెళుతున్నారు.

మనలో ప్రతి ఒక్కరూ కాపరులే, ప్రతి ఒక్కరూ తమ మంద గురించి ప్రశ్నించబడతారని మహాప్రవక్త (సఅసం) హెచ్చరించారు. "మీకు కూడా తెలుసు కదా" అనే ప్రశ్న ఒక వృద్ధుని నోటి నుండి వస్తేనే మేము తల ఎత్తలేకపోయాము. అదే ప్రశ్న రేపు సర్వలోక ప్రభువు సన్నిధిలో ఎదురైతే ఏం జవాబు చెబుతాము? చేయవలసిన పని ఉండగానే మేలుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! మన మహల్లాలను, మన పొరుగువారి ఇళ్ళను శాంతినిలయాలుగా చేయుగాక! ఆమీన్.

ఇంట్లో చర్చించుకోవటానికి

1. చాడీకీ సాక్ష్యానికీ ఉన్న తేడా ఏమిటి? మీ వీధి నుండి ఒక ఉదాహరణ చెప్పండి.

2. ఏ తగవులను మహల్లా పెద్దలు తీర్చవచ్చు? ఏవి వారి పరిధిలోనివి కావు? ఎందుకు?

3. మీ మస్జిద్ చుట్టూ ఉన్న వీధులలో స్త్రీలు, వృద్ధులు వెళ్ళటానికి జంకే చోటు ఏది? ఈ వారంలో దాని గురించి మీరు చేయగల ఒక పని ఏమిటి?